నిదానం వేరు, పరాకు వేరు: పల్లె రోడ్ల మీద ముందు బండి సంగతి

పెనుమూరు దగ్గరి పల్లె నుంచి చిత్తూరులోని ఉద్యోగానికి రోజూ కారులో వెళ్ళివస్తున్న మీరు, ఆ దారిలో 30, 35 కిలోమీటర్ల వేగంతో నడిరోడ్డు పట్టుకొని పోయే కార్ల వెనక చిక్కుకొని విసిగిపోతున్నానని, హారన్ ఎంత కొట్టినా వాళ్ళు సైడు ఇవ్వరని, దాటబోతే కొందరు సరిగ్గా అప్పుడే వేగం పెంచుతారని రాశారు. వీళ్ళతో ఎట్లా వేగాలో, చట్టంలో ఇందుకేమైనా మార్గం ఉందో చెప్పమని అడిగారు. 2022లో తిరుపతి జిల్లా వేరుపడక ముందు ఒకటే చిత్తూరు జిల్లాగా ఉన్న ఈ ప్రాంతంలో 28 ఏళ్ళు బస్సు నడిపి, ఆ తర్వాత ఏడేళ్ళుగా తిరుపతిలో కొత్తవాళ్ళకు కారు నేర్పుతున్నవాడిని కనుక, నాకు తెలిసినంతవరకు కొంచెం వివరంగానే రాస్తాను. మీ విసుగు అర్థం లేనిది కాదు. అయితే మీ ప్రశ్నలో రెండు వేరువేరు సంగతులు ఒకే మూటలో కట్టి ఉన్నాయి. బండి నిదానంగా పోవడం ఒకటి, దాన్ని నడిపేవాడు పరాకుగా ఉండడం మరొకటి. మొదటిది మనం ఓర్చుకోవలసినది, రెండోది మనం జాగ్రత్తపడవలసినది. ఈ రెండింటినీ కలిపేసి అందరి మీదా ఒకే కోపం పెట్టుకుంటే, ఓర్చుకోవలసిన చోట తొందరపడతాము, భయపడవలసిన చోట హారన్ కొడుతూ దగ్గరికి పోతాము.

ముందుగా నిదానంగా పోక తప్పనివాళ్ళ సంగతి చూద్దాం. జూన్, జూలై నెలల్లో తోతాపురి మామిడి కోతకు వచ్చినప్పుడు చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలే ట్రాక్టర్లు ఎన్ని ఉంటాయో మీకు తెలిసిందే. లోడుతో ఉన్న ట్రాక్టర్ 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అది దాని స్వభావమే కాని నడిపేవాడి తప్పు కాదు. అంతకంటే వేగంగా తోలితే ట్రాలీ ఊగుతుంది, బ్రేకు పట్టదు, కాయ నలుగుతుంది. టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు గడ్డిమోపులు కట్టుకొని పోయే రైతు, పాల క్యాన్లు వేలాడదీసుకొని పోయే పిల్లవాడు, గొర్రెల మందను రోడ్డు దాటిస్తున్న కాపరి, ఉలవ కట్టెనో రాగి వెన్నులనో నూర్పిడికి తారు రోడ్డు మీద పరిచిన ఇల్లాలు, తమిళుల పెరటాసి నెలలో పసుపు బట్టలు కట్టుకొని తమిళనాడు నుంచి తిరుమలకు నడిచిపోయే భక్తులు, వీళ్ళందరి వల్లా రోడ్డు నిదానిస్తుంది. రోడ్డు మీద పంట ఆరబోయడం ప్రమాదమని నేనూ అంటాను, చాలాసార్లు దిగి చెప్పాను కూడా. కానీ కళ్ళం చేసుకునే చోటు కూడా అమ్ముకున్న పల్లెల్లో ఆ మాట ఎవరికీ ఎక్కదు.

ఇటువంటి బండి వెనక ఎంత నష్టపోతామో ఒకసారి లెక్క వేసుకోండి. 25 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టర్ వెనక ఏకంగా 5 కిలోమీటర్లు పోవలసి వచ్చినా 12 నిమిషాలు పడుతుంది. అదే దూరం 60 వేగంతో పోతే 5 నిమిషాలు. అంటే పోయినవి 7 నిమిషాలు. నిజానికి మన ట్రాక్టర్ డ్రైవర్లు 5 కిలోమీటర్ల దూరం ఎవరినీ వెనక పెట్టుకోరు. పాటల పెట్టె మోగుతున్నా, ఇంజను మోతలో మన హారన్ వినపడకపోయినా, అలవాటుగా వెనక్కి తిరిగి చూసి, వీలున్న చోట ఎడమ చక్రాలను రోడ్డు పక్క మట్టి మార్జిన్‌లోకి దించేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో నాకు కోపం వచ్చేది ఒక్క విషయంలోనే. చీకటి పడ్డాక ట్రాలీకి వెనక ఎర్ర దీపం గాని, మెరిసే స్టిక్కర్ గాని లేకుండా రోడ్డెక్కడం క్షమించరానిది. అది నిదానానికి చెందిన తప్పు కాదు, పరాకుకు చెందిన తప్పు.

ఇక మీ అసలు బాధకు వస్తాను. ఖాళీ రోడ్డు మీద, మంచి కారులో, 35 వేగంతో, నడి గీత మీద పోయేవాళ్ళు ఎవరు? నేను గమనించినంతలో వీళ్ళు ఒకే రకం వాళ్ళు కారు, ఎవరు ఏ రకమో వెనక నుంచి కొంతవరకు పసిగట్టవచ్చు. వేగం 30 నుంచి 50కి, మళ్ళీ 30కి కారణం లేకుండా మారుతూ, బండి కొద్దికొద్దిగా ఒక పక్కకు జరిగి మళ్ళీ చటుక్కున సర్దుకుంటూ ఉంటే లోపల ఫోను నడుస్తున్నదని అనుకోవచ్చు. ప్రతి కూడలి దగ్గరా బ్రేకు దీపం వెలిగి, అడుగు ముందుకు వేయాలా వద్దా అన్నట్టు పోతుంటే వాళ్ళు పక్క రాష్ట్రం నుంచి వచ్చి, కాణిపాకానికో తిరుపతికో ఫోనులోని మ్యాప్ చెప్పిన అడ్డదారిలో పడ్డవాళ్ళు. బ్రేకు దీపం అసలు వెలగకుండా, మలుపుల్లో కూడా ఒకే తీరుగా, నెమ్మదిగా కుడికి ఒరుగుతూ పోతుంటే మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. తిరుమలలో రాత్రంతా క్యూలో నిలబడి, తెల్లవారి దర్శనం చేసుకొని, గుండు మీద చందనం ఆరకముందే ఇంటిముఖం పట్టినవాళ్ళు ఈ స్థితిలో ఉంటారు. నా అనుభవంలో అన్నింటికంటే భయపెట్టే బండి 100 వేగంతో వచ్చేది కాదు, కునుకు తీస్తూ 40 వేగంతో పోయేది. దాని పక్కకు చేరడానికి నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను.

నిదానంగా పోతున్నాము కదా, ఫోను చూస్తే ఏమవుతుందిలే అనే ధీమా చాలామందికి ఉంటుంది. 36 కిలోమీటర్ల వేగమంటే సరిగ్గా సెకనుకు 10 మీటర్లు. మూడు సెకన్లు ఫోను వంక చూస్తే 30 మీటర్లు గుడ్డిగా పోయినట్టు. పల్లె వీధిలో 30 మీటర్లంటే ఆరేడు ఇళ్ళ వాకిళ్ళు. ఏ వాకిట్లో నుంచి ఏ బిడ్డ వస్తాడో ఎవరికి తెలుసు?

మరొక రకం ఉంది. దాన్ని నేను నేర్పేవాడిగా చెబితేనే బాగుంటుంది, ఎందుకంటే అందులో మాలాంటివాళ్ళ తప్పు కూడా ఉంది. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కొత్తగా నేర్చినవాడికి తన కుడి పక్క స్పష్టంగా తెలుస్తుంది, ఎడమ చక్రం ఎక్కడ ఉందో మాత్రం నెలల తరబడి అంచనాకు రాదు. మన పల్లె రోడ్లకు వానలు పడ్డాక తారు అంచు పక్కన మట్టి కొట్టుకుపోయి జానెడు లోతు పడి ఉంటుంది. ఎడమ చక్రం అందులో దిగితే బండి తిరగబడుతుందేమోననే భయంతో వాళ్ళు నడిమధ్యకు జరుగుతారు. అక్కడ ఎదురుబండి భయం కనుక వేగం తగ్గిస్తారు. రెండు భయాల మధ్య వాళ్ళ చూపు బానెట్టుకు పది గజాల ముందు అతుక్కుపోతుంది, అద్దం చూడడం మరిచిపోతారు. మీకు అది పొగరుగా కనిపిస్తుంది. లోపల చూస్తే అరచేతులు చెమటలు పట్టి ఉంటాయి. పరీక్షలో పాస్ కావడానికి సరిపడినంత నేర్పి పంపే శిక్షణలో ఎనిమిది అంకె తిప్పడం వస్తుంది, రివర్స్ రావడం వస్తుంది. వెనక నాలుగు బండ్లు చేరితే ఏం చేయాలో ఎవరూ చెప్పరు. నా దగ్గరికి వచ్చేవాళ్ళను నేను మూడో రోజు నుంచే మధ్యమధ్యలో అకస్మాత్తుగా అడుగుతుంటాను, ఇప్పుడు మన వెనక ఏముంది అని. తల తిప్పకుండా, అద్దం చూడకుండా, ముందే తెలిసి జవాబు చెప్పగలిగిన రోజున వాడికి బండి వచ్చినట్టు లెక్క.

హారన్ ఎందుకు పనిచేయడం లేదని అడిగారు. అద్దాలు ఎత్తి, ఏసీ వేసి, పాటలు పెట్టుకున్న కారులోకి మీ హారన్ పోయేది అంతంత మాత్రమే. పోయినా, మన ఊళ్ళలో హారన్ అన్నది కాకి అరుపులాగా ఎప్పుడూ వినపడుతూనే ఉంటుంది కనుక అది తన కోసమేనని ఎవరూ అనుకోరు. ఇక వీపుకు ఆనుకొన్నంత దగ్గరగా పోయి ఆపకుండా కొట్టే హారన్ వల్ల రెండు చెడ్డ ఫలితాలే వస్తాయి. బెదిరినవాడు ఉన్నట్టుండి బ్రేకు వేస్తాడు లేదా కుడికి తిప్పుతాడు. పౌరుషం వచ్చినవాడు మరింత నిదానిస్తాడు. దీనికి బదులు కొంచెం వెనక్కి తగ్గి, అతని కుడి అద్దంలో మీ బండి కనపడేటట్టు నిలుపుకొని, చిన్నగా ఒక హారన్, వెంటనే రెండు డిప్పర్లు, అంటే హెడ్‌లైటు రెండుసార్లు వెలిగించి ఆర్పడం, కొట్టండి. పగటిపూట కూడా మోత కంటే వెలుగే మేలు, ఎందుకంటే అది అద్దంలో పడి సూటిగా కంటికి తగులుతుంది. తర్వాత పది సెకన్లు ఊరుకోండి. సైడు ఇవ్వాలని మనసున్నవాడికి కూడా చోటు చూసుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. కొట్టిన మరుక్షణం జరగలేదని మళ్ళీ కొట్టడం మనలో చాలామందికి ఉన్న జబ్బు.

వెనక్కి తగ్గమన్నాను కదా, దాని అవసరం ఇంకొకటి ఉంది. బస్సులో ఎత్తున కూర్చున్నప్పుడు నాకు ముందు కారు మీదుగా అర కిలోమీటరు రోడ్డు కనిపించేది. పదవీ విరమణ తర్వాత చిన్న కారు కొనుక్కొని రోడ్డెక్కితే, ముందు బండి డిక్కీ తప్ప ఏమీ కనిపించక మొదటి వారం నాకు ఊపిరి ఆడలేదు. అప్పుడు అర్థమైంది, కారులో ఉన్నవాడు చూపు కావాలంటే దూరం జరగాలని. ముందు బండి దాటిన మైలురాయిని మీరు మూడు సెకన్ల తర్వాత దాటేటట్టు ఉంటే, 50 వేగంలో మధ్య దూరం 40 మీటర్లకు పైనే ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే ఎడమ మలుపులో ముందు బండికి ఎడమ పక్కగా, కుడి మలుపులో కుడి పక్కగా రోడ్డు తెరుచుకొని కనిపిస్తుంది. దాటే అవకాశం వచ్చినప్పుడు గేరు దించి వేగం పుంజుకోవడానికి కూడా ఆ దూరమే ఆసరా. ఆ సందులో ఇంకొకడు దూరుతాడే అంటారు. దూరనివ్వండి. ఇప్పుడు ముందు బండితో వేగవలసింది అతను.

దాటడానికి ఎంత రోడ్డు కావాలో చాలామందికి తెలియదు కనుక ఇక్కడ కొంచెం లెక్క చెబుతాను. ముందు కారు 40 వేగంతో పోతున్నది, మీరు 60తో దాటుతారు అనుకుందాం. ఇద్దరి మధ్య తేడా గంటకు 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు 5.6 మీటర్లు. 20 మీటర్ల వెనక నుంచి బయలుదేరి, రెండు కార్ల పొడవూ దాటి, 15 మీటర్ల ముందు మళ్ళీ ఎడమకు చేరాలంటే మీరు అతనికంటే 43 మీటర్లు ఎక్కువ పోవాలి. దానికి దాదాపు 8 సెకన్లు పడుతుంది. ఆ సమయంలో మీరు 130 మీటర్లు పోతారు, ఎదురుగా 60 వేగంతో వచ్చేవాడు ఇంకో 130 మీటర్లు వస్తాడు. అంటే 260 మీటర్ల రోడ్డు ఖాళీగా కనిపించినా అది ఒకరినొకరు రాసుకుంటూ తప్పించుకునే లెక్కే. రోడ్డు వేసే ఇంజనీర్లు 60 వేగానికి 300 మీటర్లు, 80 వేగానికి 470 మీటర్లు కనపడాలని పట్టికల్లో పెట్టుకున్నది ఊరికే కాదు. చింతచెట్లు, మోరీలు, అర ఫర్లాంగుకు ఒక మలుపు ఉన్న దారిలో 300 మీటర్లు ఒక్కసారిగా కనిపించే చోట్లు ఎన్ని ఉన్నాయో మీ దారిలో లెక్కపెట్టుకోండి. నా అంచనాలో పదికి మించవు. అవి తెలిసినవాడు మిగతా చోట్ల ఆత్రపడడు.

ఇప్పుడు మీరు దాటుతుండగా పక్కవాడు 40 నుంచి 50కి వేగం పెంచాడనుకోండి. తేడా సగానికి పడిపోయింది. 8 సెకన్ల పని 15 సెకన్లు దాటుతుంది, కావలసిన రోడ్డు 520 మీటర్లవుతుంది. అతను అలా ఎందుకు చేస్తాడంటే, చాలాసార్లు పంతంతో కాదు. మీ బండి పక్కకు రాగానే పరాకులో నుంచి ఉలిక్కిపడి, తాను మరీ నిదానంగా పోతున్నానని అప్పుడే తెలిసి, అసంకల్పితంగా కాలు నొక్కుతాడు. పైగా మీకు దాటడానికి వీలున్న చోటంటే అది తిన్నని, వెడల్పైన రోడ్డు. అటువంటి చోటికి రాగానే మలుపుల్లో బెదిరినవాడికీ ధైర్యం వస్తుంది. కారణం ఏదైనా మీరు చేయవలసింది ఒక్కటే, యాక్సిలరేటర్ మీద కాలు తీసి మళ్ళీ వెనక్కి చేరడం. సగం దాటాక వెనక్కి రావడం చాలామందికి నామోషీ. నాతో చాలా ఏళ్ళు పనిచేసిన కండక్టర్ ఒకాయన, నేను పళ్ళు కొరికినప్పుడల్లా, "పోనీలే సామీ, వాడు ముందు పోతే మనకేమన్నా జీతం కోస్తారా?" అనేవాడు. ఆ మాట నన్ను ఎన్నిసార్లు వెనక్కి లాగిందో లెక్కలేదు.

సైగల సంగతి కూడా చెప్పాలి. ముందు లారీ ఎడమ ఇండికేటర్ వేస్తే "పో" అని అర్థమని కొందరు, కుడి ఇండికేటర్ వేస్తే "నా కుడి పక్కన పో" అని మరికొందరు, కుడిది వేస్తే "ఎదురు బండి ఉంది, రావద్దు" అని ఇంకొందరు అంటారు. ఆ లారీ నిజంగానే కుడి పక్క తోటలోకి తిరగబోతూ ఉండవచ్చు కూడా. 1999లో ఒక సాయంత్రం పుత్తూరు వైపు నుంచి తిరుపతికి బస్సు తెస్తూ, చెరకు లోడు ట్రాక్టర్ వెనక చాలాసేపు చిక్కుకున్నాను. ఆకులతో సహా కట్టిన చెరకు ట్రాలీకి రెండు పక్కలా మూరెడు వెడల్పున పొడుచుకొని వచ్చి రోడ్డును పూర్తిగా మూసేసింది. బస్సు అప్పటికే ఆలస్యం. ట్రాక్టర్ డ్రైవరు కుడి చెయ్యి బయటపెట్టి ఊపాడు. పొమ్మంటున్నాడని కుడికి తీశాను. ఎదురుగా జీపు. ఎడమకు కోసేసరికి బస్సు పక్క భాగం చెరకు గడలకు రాసుకుపోయి రెండు కిటికీ అద్దాలు పగిలి, ఒక తల్లికి మోచేతి దగ్గర నాలుగు కుట్లు పడ్డాయి. ఆ డ్రైవరు ఊపిన చెయ్యి నా కోసం కాదు. మోరీ మీద కూర్చున్న తన ఊరివాడిని పలకరించాడు. విచారణలో నేను, చెయ్యి ఊపాడు సార్ అని చెబితే, ఎదురుగా కూర్చున్న అధికారి కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే, "రోడ్డు చూసింది నీ కళ్ళా, అతని చెయ్యా?" అని అడిగారు. ఆ నాటి నుంచి ఎవరి సైగనూ నేను అనుమతిగా తీసుకోలేదు. సైగ అందితే, అయితే ఇప్పుడు నా కళ్ళతో చూద్దాం అనుకుంటాను, అంతే.

చట్టం విషయానికి వస్తే, మీరు ఆశించినంత ఆయుధం అందులో దొరకదు. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం, సరైన కారణం లేకుండా ఇతర వాహనాలకు ఆటంకమయ్యేంత నిదానంగా నడపకూడదు, ఎడమ పక్కకు ఉండి పోవాలి, ఇంకొకరు తనను దాటుతున్నప్పుడు వేగం పెంచకూడదు. కాబట్టి ధర్మం మీ వైపే ఉంది. కానీ మలుపుల పల్లె దారిలో 35 వేగంతో పోవడం కారణం లేని నిదానమని ఎవరు నిరూపిస్తారు? 2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన పరిమితుల ప్రకారం, ఊరి హద్దులు దాటిన ఇటువంటి మామూలు రోడ్ల మీద కారుకు గరిష్ఠం 70, లారీకీ బస్సుకూ ద్విచక్ర వాహనానికీ 60, ఆటోకు 50. స్థానికంగా అంతకు తక్కువ అంకె బోర్డు ఉంటే అదే లెక్క. చాలామంది ఆ 70ని తమ హక్కుగా భావిస్తారు. అది పైకప్పు ఎత్తే తప్ప, అందరూ తల ఆనించి నడవవలసిన ఎత్తు కాదు. చేతిలో ఫోను పట్టుకొని నడపడం మాత్రం 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌గానే పరిగణించబడుతుంది. మొదటి తప్పుకు 1000 నుంచి 5000 రూపాయల వరకు జరిమానా గాని, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. అయితే అతను ఫోను మాట్లాడుతున్నాడని ఫొటో తీయడానికి మీరు కూడా స్టీరింగ్ మీద చెయ్యి తీసి ఫోను ఎత్తితే ఆ సెక్షన్ మీకూ వర్తిస్తుంది. అది మరవకండి.

నిదానాన్నే చట్టం చేసిన చోటు మన దగ్గరే ఒకటి ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో పైకి పోవడానికి కనీసం 28 నిమిషాలు, కిందికి రావడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం పెట్టి, టోల్ గేటు దగ్గర సమయం వేసిన చీటీ ఇచ్చి, ముందే చేరినవాళ్ళను పట్టుకుంటారు. 1944 నాటి పాత దారి దిగడానికి, 1974లో వచ్చిన రెండో దారి ఎక్కడానికి కేటాయించడం వల్ల అక్కడ ఎదురు బండి బెడద కూడా లేదు. అయినా మనవాళ్ళు ఏం చేస్తారు? మలుపుల్లో ఉరికి వచ్చి, చివరి మలుపు దగ్గర పక్కన ఆపి, గడియారం చూసుకుంటూ నిమిషాలు గడిపి, తర్వాత గేటు దగ్గరికి పోతారు. నియమంతో వేగాన్ని తగ్గించవచ్చు గాని ధ్యాసను పెంచలేమని నాకు అక్కడే అర్థమైంది.

ఇంతవరకు ఇతరుల గురించి రాశాను. నా సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. మూడేళ్ళ కింద, చంద్రగిరి దగ్గర మా బంధువుల ఊరి నుంచి పొద్దు వాలే వేళ ఇంటికి వస్తున్నాను. పక్కన నా మనవడు. మంచి మాటల్లో ఉన్నాము. ఉన్నట్టుండి ఒక మోటారుసైకిల్ నన్ను దాటి ముందు ఆగింది. దిగినవాడు హెల్మెట్ తీస్తే, నా దగ్గర కారు నేర్చుకున్న పిల్లవాడే. నమస్కారం పెట్టి, "గురువుగారూ, మీ వెనక ఏముంది?" అన్నాడు. ఎనిమిది బండ్లు ఉన్నాయి, వాటిలో ఒకటి బస్సు. అప్పటికి ఎంత దూరం నుంచి వాళ్ళను ఈడ్చుకొని వస్తున్నానో నాకు తెలియదు, నా వేగం 30కి పడిపోయిన సంగతి కూడా తెలియదు. ఆ తర్వాత కంటి పరీక్షకు పోతే రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని తేలింది. వెలుతురు తగ్గేకొద్దీ రోడ్డు మసకగా కనపడి నా కాలు తనంతట తానే వేగం తగ్గిస్తూ వచ్చింది. ఆ మార్పు ఏడాది పొడుగునా మెల్లగా వచ్చింది కనుక నాకు అంతుపట్టలేదు. ఆపరేషన్ చేయించుకున్నాక బాగానే ఉన్నాను. అయినా చీకటి పడ్డాక పల్లె రోడ్డెక్కడం మానుకున్నాను. వెనక మూడు బండ్లు చేరాయంటే, ఎడమ ఇండికేటర్ వేసి, మలుపు కాని చోట, మార్జిన్ గట్టిగా ఉన్నచోట పక్కకు తీసి వాళ్ళను పోనిస్తాను. దానికి పట్టేది అర నిమిషం. మీ ముందున్నవాళ్ళలో కూడా ఇటువంటి పెద్దలు కొందరు ఉంటారు. ఇంట్లోవాళ్ళు చెబితే కోప్పడతారు, కంటి డాక్టరు చెబితే వింటారు.

మీ దారికి వర్తించే మాట ఒకటి చెబుతాను. మీ ప్రయాణం ఇరవై రెండు కిలోమీటర్లు అనుకుంటే, మొత్తం దూరం 35 వేగంతో పోయినా, 50తో పోయినదానికంటే సుమారు 11 నిమిషాలు మాత్రమే ఎక్కువ. రోజూ ఆ మొత్తం నష్టం జరగదు, అందులో సగం ఉంటుందేమో. మామిడి కాలంలో మాత్రం పావుగంట ముందు బయలుదేరండి. తక్కిన నెలల్లో ఆ అయిదారు నిమిషాలకు మీరు చెల్లిస్తున్న కోపం చాలా ఎక్కువని నా అభిప్రాయం. మీరు రాసిన తీరు చూస్తే, ఎదుటివాడి బంపర్‌కు దగ్గరగా పోయే అలవాటు మీకు ఉందేమోనని కూడా అనుమానం కలిగింది. తప్పుగా అనుకుంటే క్షమించండి.

చివరగా, పట్నం రోడ్డుకు లేని సౌకర్యం ఒకటి పల్లె రోడ్డుకు ఉంది. అక్కడ మీకు రోజూ అదే వేళకు అడ్డం తగిలే కారు ఎవరిదో నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. ఆ మనిషి మీకు రెండు ఊళ్ళ అవతలివాడే అయి ఉంటాడు. రోడ్డు మీద హారన్‌తో చెప్పలేనిది టీ అంగడి దగ్గర నోటితో చెప్పవచ్చు. నేను బస్సు నడిపే రోజుల్లో, పాకాల వైపు ఒక రూటులో ప్రతి ఉదయం ఒక పాత కారు నా ముందు పడేది. నడిపేది రిటైరైన మాస్టారు. ఆరు నెలలు మనసులో తిట్టుకున్నాను. ఒక రోజు బస్సు ఆగినచోట ఆయన కారు కూడా ఆగి ఉంటే దిగి దగ్గరికి పోయి చూశాను. కుడి పక్క అద్దం లోపలికి మడిచి ఉంది. సందులో కారు పెట్టినప్పుడు ఎద్దుల బండి తగిలి గీత పడిందని, అప్పటి నుంచి మడిచే ఉంచుతున్నానని చెప్పారు. "అయ్యవారూ, దాన్ని తెరిచి పెట్టుకుంటే మా బస్సు మీకు కనపడుతుంది" అని చెప్పి, నేనే తెరిచి, ఆయన సీట్లో కూర్చోగానే వెనక రోడ్డు కనపడేటట్టు సర్ది పెట్టాను. మర్నాటి నుంచి నా బస్సు అద్దంలో పడగానే ఎడమ చెయ్యి పైకెత్తి పలకరించి, రావిచెట్టు దగ్గర పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. వేగం మాత్రం అదే 35.